బావకు నేనిచ్చిన శకటు

చదరంగంలో ఓడిపోవడం నాకు కొత్త కాదు, కష్టమూ కాదు. జ్వరంతో ఉన్నా ఓడిపోగలను, నిండా కాఫీ తాగి కూర్చున్నా ఓడిపోగలను. అలాంటివాణ్ణి పట్టుకుని మా అక్క, "ఈ ఆదివారం వచ్చి బావ చేతిలో ఓడిపోరా" అని ఫోన్లో బతిమాలితే నాకు రోషం వచ్చింది.

"మామూలుగా ఆడితే చాలదా అక్కా? ఎలాగూ జరిగేది అదేగా."

"ఇప్పుడాయన మామూలుగా లేరు కదరా. ఏ పొరపాటునో నువ్వు గెలిచేశావనుకో, ఇంక అంతే సంగతులు. అసలు నిన్నే ఎందుకు పిలుస్తున్నానో తెలుసా? నువ్వు ఓడిపోతే ఎవరికీ అనుమానం రాదు."

అదేదో నాలో ఉన్న సుగుణంలా చెప్పింది. ఫోన్ పెట్టేసి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కాదనడానికి ఒక్క కారణమూ దొరకలేదు.

బావకు మందుల షాపు ఉంది. డాక్టర్లు తాము రాసిన చీటీ తామే చదువుకోలేక ఆయనకు ఫోన్ చేసి అడిగేవారు. అలాంటి మనిషి ఆ మధ్య ఒక పొద్దున్న షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ అలాగే కింద కూర్చుండిపోయాడు. తలలో చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు. సమయానికి తీసుకెళ్ళారు కాబట్టి చెయ్యి వచ్చింది, నడక వచ్చింది, మాట వచ్చింది. నమ్మకం మాత్రం రాలేదు. ఇంటికొచ్చిన కొత్తలో కళ్ళజోడు అడగబోయి "దువ్వెన ఇలా ఇవ్వు" అన్నాడట. అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు. షాపు తాళంచెవి ఆ రోజే అక్క చేతిలో పెట్టేశాడు.

నేను చూడడానికి వెళ్ళినప్పుడు ఆ మాటే ఎత్తాడు. "దువ్వెనకీ కళ్ళజోడుకీ తేడా వస్తే జుట్టు చెదిరి ఉంటుంది, అంతే. బిళ్ళకీ బిళ్ళకీ తేడా వస్తే మనిషే పోతాడు. నువ్వు చెప్పు, నా చేత్తో ఇచ్చిన బిళ్ళ ఇప్పుడు నువ్వు మింగుతావా?"

నేను కిటికీలోంచి బయటికి చూసి, వాన పడేలా ఉంది బావా అన్నాను. బయట ఎండ మండిపోతోంది.

డాక్టరు బాగుందన్నాడు, స్కానింగు బాగుందంది, బావ ఎవరి మాటా నమ్మలేదు. పక్క వీధిలో మందుల షాపు నడిపే పెద్దమనిషికి తన షాపు కూడా అప్పగించేస్తానని మాటిచ్చేశాడు. ఆ పెద్దమనిషి సోమవారం వచ్చి తాళంచెవి తీసుకుంటానన్నాడు. అంతకు ముందురోజు బావ ఒక్క ఆట గెలిస్తే, తన బుర్ర తన మాట వింటోందని నమ్ముతాడేమోనని అక్క ఆశ. ఆమె దగ్గర అంతకు మించిన ఉపాయం ఇంకేదీ మిగల్లేదు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. నేను బీమా కంపెనీలో సర్వేయర్ని. నుజ్జయిన కార్లు చూసి, ఇది జరిగిన ప్రమాదమా, జరిపించిన ప్రమాదమా అని తేల్చడం నా పని. ఈ విద్యలో నాకు గర్వం జాస్తి. అక్క వాళ్ళింట్లో భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద దిగకముందే మొదలుపెడతాను. నిజంగా గుద్దుకున్నవాడు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేడు బావా, నత్తినత్తిగా చెబుతాడు, ముందుది వెనక, వెనకది ముందు. అబద్ధం వాడు గడగడా అప్పజెబుతాడు, అక్కడే దొరికిపోతాడు, అంటాను. బావ ఓపిగ్గా వినేవాడు. అంత ఓపికతో వింటున్నాడంటే గుర్తు కూడా పెట్టుకుంటున్నాడని నాకు తోచలేదు.

కాబట్టి వేరెవడో అయితే నాలుగు పావులు పారేసి వచ్చేసేవాడు. నేను మాత్రం నలుగురూ మెచ్చేలా ఓడిపోవాలనుకున్నాను. బ్రేకులు వేసిన గుర్తులు కనిపించాలి, తప్పించుకోబోయినట్టుండాలి, అప్పుడు చెట్టుకు గుద్దుకోవాలి. వారమంతా ఆఫీసులో ఇతరుల దొంగ ప్రమాదాలు పట్టుకుంటూ, ఇంటికొచ్చి నా దొంగ ప్రమాదానికి నగిషీలు చెక్కుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీద గళ్ళ అట్ట పరిచారు. బావ తెల్లపావులు తీసుకున్నాడు. వేళ్ళు వణకడం లేదు గానీ, ఒక్కొక్క పావునీ వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. అక్క వంటగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు తుంచడం మొదలుపెట్టింది.

నేను ఎప్పటిలాగే కింగ్స్ ఇండియన్ డిఫెన్స్ వేశాను. దీనంత సుఖమైన ఆరంభం ఇంకోటి లేదు. అవతలివాడు బంట్లన్నీ నడిమధ్యకు తోసుకుని రాజ్యమంతా ఆక్రమించుకుంటాడు. ఆక్రమించుకోనివ్వాలి. మనం గుర్రాన్ని బయటికి తీసి, వాలుగా నడిచే శకటును మూలకు సర్ది, రాజును కోటలో దాచుకుని కూర్చుంటాం. ఆ తర్వాత సమయం చూసి ఎదుటి రాజు మీదికి దండెత్తాలని పుస్తకాలు చెబుతాయి. నేను ఈ ఆరంభం ఎంచుకున్నది ఆ దండయాత్ర కోసం కాదు. అవతలివాడు ఏం వేసినా మొదట్లో మనం అవే ఎత్తులు వేసుకోవచ్చు, ఆలోచించే పని లేదు. దండెత్తే సమయం వచ్చేసరికి నేను సాధారణంగా ఓడిపోయి ఉంటాను.

ఆ రోజు మాత్రం ఆట పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. నడిమధ్య బంట్లు ఒకదానికొకటి ఎదురుపడి బిగుసుకుపోయాయి. బావ తన ఎడమవైపు నుంచి చొచ్చుకొస్తున్నాడు. నేను ఆయన రాజున్న వైపు బంట్లను తోసుకుంటూ వెళ్ళాను. ఎవరు ముందు చేరితే వాళ్ళదే ఆట. ఇదే సరైన చోటు అనుకున్నాను. నా దగ్గర మిగిలిన రెండో శకటు వాలుదారిలో దూరంగా ఉంది. దాన్ని అక్కణ్ణుంచి తీసుకెళ్ళి ఆయన రాజు ముందరి బంటును కొట్టి, సరిగ్గా ఆ గడిలోనే కూర్చోబెట్టాను. పక్కనే ఉన్న బంటుతో దాన్ని తినేయొచ్చు. ఒక బంటు కోసం శకటునిచ్చాను. చూపు తప్పినవాడి పొరపాటులా సహజంగా ఉంది. "అయ్యో" అన్న మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను.

బావ చెయ్యి బంటు దాకా వచ్చి ఆగింది.

ఆయన అట్టకేసి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, శకటును ముట్టుకోకుండా, ఏనుగును ఒక గడి జరిపి రాజుకు దారి చేసుకున్నాడు.

నాకు మతిపోయింది. వడ్డించిన విస్తరి వద్దన్నాడు. పైగా ఇప్పుడు లెక్క చూస్తే నాకొక బంటు ఊరికే లాభం. ఓడిపోదామని వచ్చినవాణ్ణి గెలుపు బాటలో నిలబడ్డాను, అక్క గుమ్మంలోంచి నా వంక ఉరిమి చూస్తోంది. కంగారులో శకటును గబుక్కున వెనక్కి తీసేసుకున్నాను. ఆ తర్వాత ఏం చేశానో నాకే తెలియదు. బావ ఎడమవైపు నుంచి ఏనుగుతో దూరి, నా బంట్లను ఒకటొకటే ఏరుకుని, ఆట కట్టేశాడు. ఆ చివరి భాగంలో నేను కావాలని ఓడిపోలేదు. అంత తీరిక ఆయన నాకివ్వలేదు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అని ఊరికే అన్నారా.

అక్క ముఖం విప్పారింది. "గెలిచారా?" అంది, ఏమీ తెలియనట్టు.

బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పంచనామా," అన్నాడు.

అది ఆ ఇంటి పద్ధతి. ఆట కాగానే శవాన్ని బల్ల మీదే పెట్టి పంచనామా చేయాలి. ఓడినవాడే ముందు మాట్లాడాలి, తన చావుకు కారణమేమిటో తనే చెప్పుకోవాలి. అప్పటిదాకా గెలిచినవాడు నోరెత్తకూడదు. ఓడినవాడికి మాట్లాడే హక్కయినా మిగలాలి కదా అని బావే పెట్టిన నియమం. ఇందులో నాకు ఆయన కంటే అనుభవం ఎక్కువ, ఎందుకంటే ఆ ఇంట్లో ముందు మాట్లాడేది ఎప్పుడూ నేనే.

వాంగ్మూలం వారం నుంచీ తయారుగా ఉంది. గొంతు సవరించుకుని చెప్పాను. "బావా, నేను నీ రాజు ముందరి బంటు మీదే చూపు పెట్టాను. దాని పక్క బంటు దాన్ని కాపాడుతోందన్న సంగతి మరిచాను. అందుకే శకటుతో కొట్టాను. కొట్టాక తెలిసింది. నువ్వు దయతలచి తీసుకోలేదు. అప్పటికే మనసు చెదిరిపోయింది, నీ ఎడమవైపు కాపలా పెట్టడం మరిచాను. ఓడిపోయాను."

బావ పావులన్నీ వెనక్కి సర్దడం మొదలుపెట్టాడు. నేను శకటు పెట్టిన క్షణంలో అట్ట ఎలా ఉందో సరిగ్గా అలాగే సర్దాడు, ఒక్క పావు కూడా తడుముకోకుండా. ఆ సంగతి చూసి కూడా నాకేమీ తట్టలేదు. సర్వేయర్నని చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

"గడగడా చెప్పావు," అన్నాడు బావ.

నేను చొక్కా బొత్తాం సర్దుకున్నాను.

"ఎప్పుడూ ఓడిపోయాక నీకు నోట మాట రాదు. నా గుర్రాన్ని తిడతావు, కుర్చీ ఎత్తు సరిపోలేదంటావు, అసలు ఏ ఎత్తు దగ్గర పోయావో పక్కరోజు గానీ నీకు తెలియదు. ఇవాళ అప్పజెప్పావు." శకటు మీద వేలు పెట్టాడు. "నీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పు. ఇది చూసి వేశావా, ఊరికే వేశావా?"

"ఎందుకు బావా అలా అడుగుతావు?"

"నువ్వు పెట్టగానే తీసుకుందామని బంటు దాకా వెళ్ళాను. అప్పుడు కనిపించింది. తీసుకుంటే నీ మంత్రి ఇటు వస్తుంది, గుర్రం అటు దూకుతుంది, నా రాజుకి దారుండదు. అంతా కనిపించింది. కనిపించింది సరే, ఉందా? లేకపోతే కళ్ళజోడుని దువ్వెనన్నట్టు, లేనిదాన్ని చూసి భయపడ్డానా? వేసినవాడివి నువ్వు. నీకే తెలియాలి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఊరికే వేశానంటే, ఆయన చూసిందంతా భ్రమేనని తీర్మానించుకుని రేపు తాళంచెవి ఇచ్చేస్తాడు. చూసే వేశానంటే చూపించమంటాడు.

"చూసే వేశాను," అన్నాను.

"చూపించు."

ఆయన శకటును తినేసి చేతులు కట్టుకున్నాడు. నేను మంత్రి మీద చెయ్యి వేశాను, తీశాను, ఏనుగు మీద వేశాను. గుర్రాన్ని ఎత్తి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో పట్టుకుని కూర్చున్నాను. నా చేతిలో అంత మంచి దాడి ఉందట, నాకు ఒక్క ముక్క కనిపిస్తే ఒట్టు.

"తెలియదు," అన్నాడు బావ మెల్లగా. "చూసినవాడైతే ఆటలో శకటుని వెనక్కి తీయడు. మరి అంత పెద్ద పావుని ఎందుకు పారేశావు? ఎవరైనా ఏమైనా చెప్పారా?"

"నేనేం చెప్పలేదండీ," అంది అక్క వంటగదిలోంచి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మా వంశంలోనే ఉంది. బావ అటు చూశాడు, ఇటు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"గెలిపించి తాళం నా చేతిలో పెడదామనుకున్నారా ఇద్దరూ? రేపు నేనిచ్చిన మందు తిని ఎవరైనా పోతే, వాళ్ళింటికెళ్ళి ఈ ఆట చూపిస్తారా?"

అక్క చిక్కుళ్ళ పళ్ళెం కింద పెట్టేసి తల దించుకుంది. నాకు నిజంగా సిగ్గేసింది. బంపరు మీద పాత గీతను కొత్త గీతని చెప్పినందుకు ఎందరి దరఖాస్తులో తిప్పికొట్టినవాణ్ణి, ఒక మనిషి బుర్రకు దొంగ సర్టిఫికెట్ రాసివ్వడానికి ముస్తాబై వచ్చాను. అదీ నాకు చాలా ఇష్టమైన మనిషికి.

అయితే మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. మాటలతో తేలని కేసును మళ్ళీ రోడ్డు మీదికే తీసుకెళతాం. అదే బండి, అదే మలుపు, మళ్ళీ నడిపి చూస్తాం.

"బావా, అట్ట తిప్పు," అన్నాను. "నీ తెల్ల రాజు నాది. శకటు తిన్నది నేననుకో. నువ్వు నల్లపావులు తీసుకో. నువ్వు చూసింది ఉంటే నన్ను కట్టు. లేకపోతే నేను బతుకుతాను. ఈసారి బతకడానికే ఆడతాను, ఒట్టు."

"నీ ఒట్టు ఎవరిక్కావాలి? చెమట పడితే తెలుస్తుంది," అన్నాడు. కానీ అట్ట తిప్పాడు.

మంత్రి వచ్చింది. నేను రాజుతో బంటును కాపాడుకున్నాను. గుర్రం దూకి చెక్ అంది. ఆ గుర్రాన్ని నా గుర్రంతో కొడితే, దాని వెనక కాచుకున్న బంటు నాదాన్ని తినేసి రాజు గుమ్మం దాకా వచ్చింది. అది వద్దని ఆ ఎత్తు వెనక్కి తీసుకుని ఇంకో దారి వేశాను. అదీ మూసేశాడు. ఏనుగును అడ్డం పెట్టాను. మంత్రుల్ని మార్చుకుందామని బేరం పెట్టాను. అన్నిటికీ ఆయన దగ్గర జవాబు ఉంది, ప్రతి జవాబు ముందూ కాసేపు కళ్ళు మూసుకుంటున్నాడు. అక్క ఎప్పుడు వచ్చిందో నా కుర్చీ వెనక నిలబడి ఒక చేత్తో దాని వీపును గట్టిగా పట్టుకుంది. ఓడిపోవాలని నా మనసంతా కోరుకుంటోంది, ఓడిపోకూడదని నా బుర్రంతా గింజుకుంటోంది. జీవితంలో నేనెన్నడూ అంత బాగా ఆడలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

చివరికి నా రాజు మూలకు వెళ్ళింది. బావ మంత్రిని తెచ్చి దాని పక్కనే కూర్చోబెట్టాడు. వెనక ఒక చిన్న బంటు దన్నుగా ఉంది. కదలడానికి గడి లేదు. నేను అట్టను అన్ని వైపుల నుంచీ చూశాను, లేచి నిలబడి కూడా చూశాను.

"ఉంది," అన్నాడు బావ.

ఆయన రెండు అరచేతులూ బల్ల మీద పరిచి వాటికేసి చూసుకుంటూ, "నేను చూసింది ఉంది," అన్నాడు మళ్ళీ. కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు. కాసేపటికి నా వైపు తిరిగాడు. "పంచనామా. ఓడినవాడే ముందు."

నేను నోరు తెరిచాను. "బావా, అంటే, గుర్రం వచ్చినప్పుడు... కాదు, అంతకు ముందు మంత్రిని నేను... అసలు అక్క ఫోన్ చేసి... కాదు, శకటు..." అక్కడితో ఆగిపోయాను.

"ఇది నిజం ప్రమాదం," అన్నాడు బావ. అక్క వైపు తిరిగాడు. "ఇదిగో, ఆ తాళంచెవి ఎక్కడ పెట్టావు?"

అక్క వెతకడానికి ఎక్కడికీ వెళ్ళలేదు. పిడికిలి విప్పింది. అట్ట తిప్పినప్పటి నుంచీ చేతిలోనే ఉన్నట్టుంది, అరచేతిలో దాని అచ్చు పడింది.

సోమవారం పొద్దున్నే ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి క్షమించమని చెప్పి బావ షట్టరు ఎత్తాడు. తోడుకని నేను సెలవు పెట్టి వెళ్ళాను. అలమారాల మీద దుమ్ము దులిపాం. జనం వచ్చారు, బాగున్నారా అని ఆప్యాయంగా పలకరించారు, దూది కొన్నారు, సబ్బు కొన్నారు. మందు మాత్రం ఎవరూ అడగలేదు. ఒకావిడ చేతిలో డాక్టరు చీటీ ఉంది, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని పక్క వీధికేసి నడిచింది. బావ చూశాడు. చూడనట్టు గల్లాపెట్టె తుడిచాడు.

నాకు ముందురోజు సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది. బొత్తిగా అలవాటు లేని పని, బుద్ధిగా ఆలోచించడం, గంటలకొద్దీ చేశాను మరి. "బావా, తలనొప్పికి ఏదన్నా ఇవ్వు," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. అలమారాలోంచి ఒక షీటు తీసి పేరు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. ఒక బిళ్ళ విడదీసి నా అరచేతిలో పెట్టి, "మింగే ముందు నువ్వు కూడా ఒకసారి పేరు చూడు," అంటూ షీటు నా వైపు తిప్పాడు.

నేను చూడలేదు. నీళ్ళు కూడా అడక్కుండా మింగేశాను.